రేకు కాలూ, మెడలో పతకమూ

ఆగస్టు 29న జెండా ఎక్కిన దగ్గర్నుంచి సెప్టెంబరు 8 పండగ దాకా, తమిళనాడులో సముద్రం ఒడ్డున మరియమాత గుడి ఉన్న వేళాంగణ్ణిలో కాలు పెట్టే సందుండదని అందరూ భయపెడితే, మేం తీరిగ్గా అక్టోబరులో బయల్దేరాం, అమ్మా, మా మేనత్తా, నేనూ. తెనాలిలో రైలెక్కి చెన్నై, అక్కణ్ణుంచి రాత్రి బస్సు. దారి పొడుగునా అత్త మోకాలి గురించే మాటలు. ఎడమ మోకాలు అరిగిందని డాక్టరు చెప్పినప్పుడు, మాత దగ్గరికి వచ్చి రేకు కాలు వేస్తానని మొక్కుకుందట.

అమ్మకి ఆ రేకు సంగతి గిట్టలేదు. కాన్వెంటులో చదువుకుని టీచరుగా రిటైరైన మనిషి, మా విచారణలో, అంటే మా ఊరి గుడి పరిధిలో, పిల్లలకి ఏళ్ళ తరబడి సత్యోపదేశం, అంటే మత పాఠాలు, చెప్పింది. "కాళ్ళూ చేతులూ రేకుల్లో చేయించి వేస్తే నయమైపోతుందా వదినా, మనం కూడా ఇలా మూఢనమ్మకాల్లో పడితే ఎలా?" అని బస్సులో లైట్లు ఆపేశాక కూడా గొణుగుతూనే ఉంది. అత్త కళ్ళు మూసుకుంది. నిద్రో నటనో తెలీదు.

పొద్దున బసిలికాకి, అంటే మాత పెద్ద గుడికి, వెళ్ళే దారంతా రెండు వైపులా కొట్లే. కొవ్వొత్తులు, జపమాలలు, మాత స్వరూపాలు, నూనె సీసాలు, పిల్లల్లేనివాళ్ళు కట్టే బుల్లి ఊయలలు, వాటి మధ్య పళ్ళెంలో పోసిన రేకులు: కన్ను, చెయ్యి, ఇల్లు, పసిపిల్ల. అత్త అందులోంచి ఒక కాలు తీసింది. చూపుడు వేలంత ఉంటుంది, పల్చటి తెల్లరేకు మీద అచ్చు గుద్దారు, వేళ్ళ దగ్గర గీతలు కూడా ఉన్నాయి, అంచు గీరుకుంటే రక్తం వచ్చేలా ఉంది. "ఇది ఎడమ కాలేనా?" అని అడిగింది. కొట్టు ఆవిడ అరవం కలిసిన తెలుగులో ఏదో అని, రేకుని తిప్పి చూపించింది. ఇటు చూస్తే కుడి, అటు చూస్తే ఎడమ! నాకు నవ్వాగలేదు. అత్త మాత్రం చాలా సీరియస్‌గా ఎడమ వైపు పైకి పెట్టి కాగితంలో చుట్టించుకుంది.

అమ్మ వాదన తీసిపారేసేది కాదు. 1563లోనే కథోలిక బిషప్పుల ట్రెంట్ మహాసభ చెప్పింది, స్వరూపాలను, అంటే విగ్రహాలనూ పటాలనూ, గౌరవించండి, కానీ వాటిలో ఏదో శక్తి ఉందని వాటినే నమ్ముకోకండి అని. ఇప్పటి సత్యోపదేశ గ్రంథం 2111వ పేరాలో కూడా అదే మాట ఇంకా సూటిగా ఉంది: మనసు ఎక్కడో పెట్టుకుని, పైపైన చేసే క్రియే పని చేసేస్తుందని అనుకుంటే అది మూఢనమ్మకం కిందికే వస్తుంది. అమ్మకి ఇవన్నీ కంఠస్థం. అత్తకి ఇలాంటివేవీ తెలీవు, తెలుసుకోవాలనీ లేదు.

బసిలికా నుంచి మాతా కుళం వైపు ఇసక పోసిన దారి ఉంది, మొక్కుకున్నవాళ్ళు దానిమీద మోకాళ్ళతో నడుస్తారు. పాలు పట్టుకెళ్ళే హిందూ కుర్రాడికి బిడ్డనెత్తుకున్న తల్లి కనిపించి పాలడిగిందని చెప్పుకునే చెరువు అదే. ఆ దారిలో మా ముందు ఒకావిడ, నుదుట బొట్టుతో, చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని మోకాళ్ళమీద వెళ్తోంది, ఇసక కాలుతోందని ఆమె తమ్ముడేమో ముందు నీళ్ళు చల్లుతూ పోతున్నాడు. అది నమ్మకమో మూఢనమ్మకమో తేల్చే పెద్దరికం నాకు లేదు. అత్త పక్కనే నిలబడి జపమాల చెప్పుకుంది. "నువ్వు మోకాళ్ళమీద వెళ్ళవా?" అంటే, "ఉన్న మోకాలు కూడా పోగొట్టుకోనా? మంగళవారం డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, ఇంకా ఎక్స్‌రే తీయించాలి" అంది. అది విన్నాక ఆవిడ రేకు గురించి నా మనసులో ఉన్న కాస్త చులకన కూడా పోయింది. మందులు మానలేదు, డాక్టర్ని మానలేదు, మాతతో బేరమూ ఆడలేదు. నోటితో చెప్పుకున్న బాధనే ఇంకోసారి చేత్తో ఇచ్చింది, అంతే.

నాకు నిజంగా ఇబ్బందనిపించింది వేరేచోట. సముద్రం ఒడ్డున టీ తాగుతుంటే కొట్టాయన సునామీ గురించి చెప్పాడు, నీళ్ళు గుడి మెట్ల దాకా వచ్చి లోపలికి రాకుండా ఆగిపోయాయని, అంతా మాత మహిమేనని. ఆ కథ చాలామంది చెప్తారు. కానీ 2004 డిసెంబరు 26 ఆదివారం, అంటే క్రిస్మస్ మర్నాడు, ఆ ఒడ్డున కొట్టుకుపోయిన వందలమందిలో ఎక్కువమంది మాలాగే మాతని చూడ్డానికి వచ్చినవాళ్ళే. వాళ్ళ మెడల్లో పతకాలు లేవా, చేతుల్లో జపమాలలు లేవా? గోడల్ని కాపాడి మనుషుల్ని వదిలేసిందని చెప్తున్నామా మనం? ఆయనతో వాదించలేదు. కానీ ఆ టీ కూడా సరిగ్గా దిగలేదు.

ఆ సాయంత్రమే అలల దగ్గర అమ్మ మెడలో పతకం పోయింది. గొలుసు తెగిందో, నీళ్ళు లాగేశాయో. అది 1830లో పారిస్‌లో కేథరిన్ లబూరే అనే కన్యస్త్రీకి మాత దర్శనంలో కనిపించిన నమూనాతో చేసే పతకం, 1832లో కలరా టైములో ఊరంతా పంచితే జనమే దానికి అద్భుత పతకమని పేరు పెట్టేశారు. అమ్మకి చదువుకునే రోజుల్లో ఒక సిస్టర్ ఇచ్చింది, నాన్న గుండె ఆపరేషన్ రోజు కూడా మెడలో అదే. రేకు కాలుని చూసి మొహం చిట్లించిన మనిషి, ఇసకలో చేతులు పెట్టి వెతుకుతూ చిన్నపిల్లలా ఏడ్చింది. తర్వాత నాన్నకి ఫోను, చెల్లికి ఫోను, "బండి మీద వెళ్ళకే ఈ రెండ్రోజులు" అని. రాత్రంతా టెన్షన్.

వస్తువు పోతే బాధేయడం వేరు, ఇక ఏదో కీడు జరుగుతుందని భయమేయడం వేరు. తాతయ్య వాచీ పోయినా బాధపడతాం, అది ప్రేమ. భయం పుట్టిందంటే మాత్రం ఆ పతకం అప్పటికే తాయెత్తు అయిపోయింది, దానికి శ్రీసభ, అంటే కథోలిక సంఘం, ఆమోదం ఎంత ఉన్నా సరే. ఇదంతా అమ్మతో అన్లేదు, అనే టైమూ కాదు. అత్త మాత్రం కాళ్ళు చాపుకుని కూర్చుని, "పోతే పోయింది వదినా, మాత ఏమన్నా అలిగి వెళ్ళిపోయిందా?" అంది. అమ్మకి కోపం వచ్చింది.

మర్నాడు పొద్దున పూజయ్యాక కొత్త పతకం కొని, ఆశీర్వదించే చోట లైన్లో నిలబడ్డాం. అమ్మ ఫాదర్ గారికి జరిగిందంతా ఇంగ్లీషులో చెప్పబోయింది, ఏమైనా ప్రత్యేకంగా ప్రార్థిస్తారని ఆశ. ఆయన సగం విని, తలూపి, అందరి వస్తువుల మీదా చల్లినట్టే పవిత్ర జలం చల్లి, వెనక ఉన్నవాళ్ళని రమ్మన్నాడు. "సరిగ్గా పడ్డాయంటావా నీళ్ళు?" అని అమ్మ నన్నడిగింది. పడ్డాయన్నాను. అయినా కాసేపు నిలబడి, మళ్ళీ కొట్టుకి వెళ్ళి ఇంకో రెండు కొంది, ఒకటి చెల్లికి, ఇంకోటి ఇది కూడా పోతే ఉంటుందని.