అప్పు రేపు

పదకొండున్నర దాటింది. బుజ్జిది పడుకుంది. నాకే నిద్ర పట్టడం లేదు. మనసంతా ఆ కాలేజీ ఆఫీసు గుమాస్తా దగ్గరే తిరుగుతోంది. డిగ్రీలో పక్క సబ్జెక్టుకి, అదే మైనర్‌కి, బుజ్జిది సైకాలజీ రాసింది. "మైనర్‌గా సైకాలజీకి నలుగురే ఇచ్చారు మేడమ్, క్లాసు పెట్టం. కంప్యూటరో స్టాటిస్టిక్సో రాయించండి, రేపు సాయంత్రం లోపు." తలెత్తలేదు. పెట్టని క్లాసు ఫారంలో ఎందుకు వేశారయ్యా అంటే "అది పాత ఫారం" అన్నాడు. ఆ ముక్క వినడానికి గంటసేపు క్యూలో నిలబడ్డాను!

బుజ్జిది మూడు రోజులుగా క్యాలెండర్ కాగితం వెనక గళ్లు గీసుకుంటోంది. యూజీసీ లెక్కలో మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు, నాలుగో ఏడూ చదివితే 160. ఆ 120లో ముఖ్య సబ్జెక్టయిన మేజర్‌కి 60, మైనర్‌కి 24. మార్కెటింగ్ ఆకుపచ్చ స్కెచ్, ఫైనాన్స్ ఎరుపు, సైకాలజీ ఊదా. ఇవాళ వచ్చీ రాగానే ఊదా గళ్లన్నిటికీ వైట్‌నర్ పూసేసింది. ఒక్క మాట అనలేదు. అరిచినా బాగుండేది.

నిజం చెప్పొద్దూ, గుమాస్తా మాటకి లోపల కాస్త హాయిగానే అనిపించింది నాకు. బీబీఏలో సైకాలజీ ఏమిటి, లెక్కలు నేర్చుకో అని మొదట్నుంచీ నస పెడుతున్నది నేనే కదా.

నా లెక్కల పిచ్చి నాన్న కొట్లో మొదలైంది. రాత్రి షట్టర్ సగం దించి ఆ రోజు పద్దులు రాసిన చిట్టా తీసేవారు. నేను చదివితే ఆయన ఖాతాల పుస్తకం, అదే ఆవర్జాలో చూసుకునేవారు. ఓ రోజు 27 రూపాయల తేడా వచ్చింది. అమ్మ అన్నానికి రెండుసార్లు పిలిచింది. "తొమ్మిదో ఎక్కంలో ఉందా ఆ అంకె?" అన్నారు. తొమ్మిది మూళ్లు ఇరవయ్యేడు. "అయితే ఎక్కడో అంకెలు తిరగబడ్డాయి, వెతుకు." దొరికింది. 63 ఉండాల్సిన చోట 36. దస్తూరీ నాదే. మొట్టికాయ పడుతుందనుకుంటే బెల్లం ముక్క పెట్టారు.

అదే కొట్లో "అప్పు రేపు" అని బోర్డు కూడా ఉండేది. దాని కిందే కూర్చుని రోజూ అప్పిచ్చేవారు. ఎవరికివ్వాలో, ఎవర్ని నవ్వి పంపాలో ఏ ఆవర్జా చూసి తేల్చారు? మనిషి మొహం చూసేగా. బుజ్జిది మొన్న ఇంచుమించు ఇదే చెప్పబోయింది. నేను కుక్కర్ విజిల్స్ లెక్కపెట్టుకుంటున్నాను.

ఒక క్రెడిట్ అంటే 15 గంటల పాఠం. 24 అంటే 360 గంటలు. ఇష్టం లేనిచోట అన్ని గంటలా? ప్రభుత్వం వాళ్ల ఆన్‌లైన్ పాఠాల స్వయం పోర్టల్లో సైకాలజీ చేస్తే కలుపుతారా అని అడగాలనుకున్నాను. అతని మొహం చూశాక మర్చిపోయాను, ఛ.

ఆ నలుగురిలో మిగతా ముగ్గురూ ఎవరో పొద్దున్నే దాన్ని అడగాలి. ఎనిమిదికల్లా బస్సు వచ్చేస్తుంది.