బిల్లు పాసైంది, డబ్బు రాలేదు

మేస్త్రీలకు శనివారం కూలి ఆపలేం. మా బిల్లు మాత్రం ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి.

అపార్ట్‌మెంట్‌లో ఎలక్ట్రికల్ పని సబ్ కాంట్రాక్టుకు చేశాం. కొలతలు తీశారు, ఇంజినీరు సంతకం పెట్టాడు. డబ్బు అడిగితే మెయిన్ కాంట్రాక్టర్ అగ్రిమెంటు తీసి చూపించాడు: ఓనరు నుంచి వాళ్లకు వచ్చాకే మాకట. ఓనరేమో ఫ్లాట్లు అమ్ముడుపోలేదంటాడు. మధ్యలో వైరు షాపువాడి ఫోన్లు, అదో టెన్షన్.

బ్రిటన్‌లో ఇలాంటి షరతు 1996 చట్టం ప్రకారం చెల్లదు, పైన డబ్బివ్వాల్సినవాడు దివాలా తీస్తే తప్ప. మన దగ్గర అంత సూటిగా కొట్టేసే చట్టం లేదు. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్య తరహా సంస్థల) చట్టం చిన్నవాళ్ల బిల్లు చెల్లించడానికి గరిష్ఠంగా 45 రోజుల గడువు పెట్టింది. దాటితే ఆర్‌బీఐ బ్యాంక్ రేటుకు మూడు రెట్లు, అదీ నెలనెలా చక్రవడ్డీ. వినడానికి బాగుంది కదా! వర్క్స్ కాంట్రాక్టులకు, అంటే మాలా సామానూ కూలీ కలిపి చేసే పనులకు, అది వర్తించదని కొన్ని హైకోర్టు తీర్పులున్నాయని మా లాయరు చల్లగా చెప్పాడు.

అందుకే కొత్త అగ్రిమెంటులో ఒక్క వాక్యం కోసం పట్టుబట్టాం: పైనుంచి వచ్చినా రాకపోయినా, బిల్లు సర్టిఫై అయిన 30 రోజుల్లో చెల్లించాలి. బేరం 60 దగ్గర ఆగింది. రిటెన్షన్ డబ్బు, అంటే పనిలో లోపాలు బయటపడితే అని బిల్లులోంచి పట్టి ఉంచుకునే భాగం, దాని సంగతి ఇంకా తేలలేదు.