మంచం పక్కన తెలుగు

మా నాన్నగారు ఒడిశాలోని బ్రహ్మపురం (బరంపురం)లో ఒక ఆసుపత్రిలో చివరి రోజులు గడిపినప్పుడు మందులకు లోటు రాలేదు. "నాకు భయంగా ఉందిరా" అని ఆయన అన్నప్పుడల్లా "మీకేం కాదు నాన్నా" అంటూ నేనే ఆ మాటను మొదట్లోనే తుంచేశాను. ఆయన పోయాక ఆ బాధ తీరక, ఆదివారాలు రోగుల దగ్గర కూర్చోవడం మొదలుపెట్టాను.

ఆ ఊరున్న గంజాం జిల్లా తీరంలోని మన తెలుగు మత్స్యకారులను ఒడియావారు నోలియాలంటారు. గోపాలపురం వైపు నుంచి వచ్చిన ఒక నోలియా వృద్ధురాలు, నొప్పి ఎక్కడని డాక్టరుగారు ఒడియాలో అడిగితే కడుపు చూపించి ఊరుకునేది. నేను తెలుగులో పలకరించేసరికి, కడుపు సంగతి రెండు ముక్కల్లో ముగించి, "నేనేం పాపం సేసినానో బాబూ, గంగమ్మ తల్లి మొక్కు అలాగే ఉండిపోనాది" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. పాపం లేదు, గీపం లేదు అని ధైర్యం చెప్పాలని నా నాలుక తహతహలాడింది, కానీ నాన్నగారు గుర్తొచ్చి, "ఏం మొక్కమ్మా?" అని మాత్రం అడిగాను. తుపానులో పెనిమిటి పడవ క్షేమంగా తిరిగొచ్చిన నాటి నుంచి ఆమె మోస్తున్న కథంతా అప్పుడు బయటికొచ్చింది. మర్నాడే ఆమె కొడుకు సముద్రం ఒడ్డున గంగమ్మకు చీర, కొబ్బరికాయ సమర్పించాడు. జబ్బు తగ్గలేదు గానీ ఆ రాత్రి ఆమె నిద్రపోయింది.

1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను, అంటే చివరి రోజుల్లో ఉన్న రోగులను చూసుకునే ఆలయాన్ని, స్థాపించిన సిసిలీ సాండర్స్, నర్సుగా, సామాజిక కార్యకర్తగా పనిచేసి ఆ తరువాత డాక్టరైన మనిషి కనుక, శరీరం, మనసు, కుటుంబం, ఆత్మ అన్నీ కలిసి పడే బాధను 'సంపూర్ణ వేదన' అనే అర్థం వచ్చే పేరుతో పిలిచింది. అమెరికాలో ఆంటన్ బాయిసన్ అనే మతబోధకుడు తానే మానసిక రోగిగా ఆసుపత్రిలో ఉండి వచ్చి, 1925లో మతవిద్యార్థులకు వార్డుల్లోనే శిక్షణ ప్రారంభించాడు. రోగులను సజీవ గ్రంథాలుగా చదవమన్నాడు. ఆ గ్రంథం ఏ భాషలో ఉంటే ఆ భాష మనకు రావాలి కదా అన్నది నా మాట. ఏ దేవుడి పేరు తలవాలో కూడా రోగే నిర్ణయించాలి. నిస్సహాయంగా పడుకున్న మనిషికి మన మతం చెప్పడం నా దృష్టిలో అన్యాయం.

నర్సుల దుఃఖాన్ని ఎవరూ అడగరు. ఆ వృద్ధురాలు పోయిన రోజున దుప్పటి మార్చి, వెంటనే ఇంకొకరిని ఆ మంచం మీద చేర్చుకున్న ఒడియా సిస్టరుగారు, డ్యూటీ అయ్యాక మెట్ల మీద కూర్చుని చాలాసేపు ఆమె గురించే మాట్లాడారు. నేను విన్నాను. లేచే ముందు ఆవిడ చీటీ తీసి, "భయంగా ఉందా అమ్మా?" అన్న మాటను ఒడియా లిపిలో రాయించుకుని, రెండుసార్లు పలికి చూసుకున్నారు.