మన పేరిణి, వాళ్ల బార్డ్

డీ అండ్ డీ (డంజియన్స్ అండ్ డ్రాగన్స్, పాచికలేసుకుంట కథల పాత్రలు ఆడే ఆట) 2024 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ అనే రూల్స్ బుక్కుల బార్డ్‌కి (ఆటపాటలతోని మాయ చేసే పాత్రకి) కాలేజ్ ఆఫ్ డ్యాన్స్ అని ఒక సబ్‌క్లాస్, అంటే ఆ పాత్రల ఒక రకం, ఇచ్చిన్రు కదా, అది సదువుతుంటే నాకు సీదా మన పేరిణి నాట్యమే యాదికొచ్చింది. కాకతీయుల కాలంల యుద్ధానికి పోయే ముందు శివుని ముంగట ఆడేటోళ్లంటరు, తర్వాత మరుగునపడితే నాట్యగురువు నటరాజ రామకృష్ణ గారు రామప్ప గుడి శిల్పాలు చూసుకుంట మళ్ల పాణం పోసిండు. ఇంతకంటే మంచి బ్యాక్‌స్టోరీ ఏడ దొరుకుతది చెప్పున్రి.

అందుకే హనుమకొండల మా గ్యాంగ్ ఆడే క్యాంపెయిన్‌ల (సాగుకుంట పోయే ఒక కథల) నాది పేరిణి బార్డ్. కవచం లేదు, డాలు లేదు, 10కి డెక్స్ (చురుకు), కరిజ్మా (ఆకర్షణ) మాడిఫయర్లు కలిపితే అదే ఏసీ (దెబ్బ తగలకుండ కాపాడే నంబర్), రెండూ 16 ఉంటే ఒక్కోదానికి మూడు కలిసి ఏసీ గూడ 16, గరీబోళ్లకు గది చాలు. అసలు మజా ఏందంటే దోస్తుకు ఇన్‌స్పిరేషన్ (బార్డ్ హుషారిచ్చే పాచిక) ఇచ్చుకుంటనే పక్కనున్న గాబ్లిన్‌ని (ఆటల చిన్న రాక్షసుణ్ని) ఒక్క తన్ను తన్నొచ్చు, డ్యామేజ్‌కి ఆ ఇన్‌స్పిరేషన్ డై (పాచిక) ఏసి డెక్స్ కలపాలె, గా ఏసుడుకు డై ఖర్చు గాదు!

6వ లెవెల్‌ల ఇంకో ముచ్చట, ఇనిషియేటివ్ (కొట్లాటల ఎవరి వంతు ముందో తేల్చే పాచిక) ఏసేటప్పుడు ఒక ఇన్‌స్పిరేషన్ డై ఖర్చు పెట్టి ఏస్తే నీకు, 30 అడుగుల లోపల నిన్ను చూసే లేదా ఇనే నీ టీమోళ్లందరికీ పడ్డ నంబర్ కలుస్తది. డోలు దెబ్బకు ఫౌజు మొత్తం ఒక్కసారి లేచినట్టే. కాకపోతే 5వ లెవెల్ దాకా కష్టమే, కరిజ్మా 16 అంటే మూడే ఇన్‌స్పిరేషన్లు, లాంగ్ రెస్ట్ (ఆటల పాత్ర రాత్రంత పండుకునుడు) తీసుకుంటేగాని మళ్ల రావు, మా డీఎం (ఆట నడిపించేటోడు) ఏమో పండనియ్యడు.