దసరాకు కాదు, సంక్రాంతికి

మా బాపు గోదావరిఖనిలో బొగ్గు బాయిలో కోల్ ఫిల్లరుగా పనిచేసేవాడు. నాకు పదేళ్లున్నప్పుడు ఆయన బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ తరువాత కాలనీలో ఎవరి క్వార్టరులో ప్రార్థన పెట్టుకున్నా, పాటలు కాగానే పాస్టరు అయ్యగారు ఆయనను సాక్ష్యం, అంటే దేవుని వల్ల తన బతుకు ఎట్లా మారిందో, చెప్పమనేవారు. మొదటిసారి లేచి నిలబడి, "దసరా నాడే తాగుడు ఇడిసిపెట్టిన" అని ఆయన మొదలుపెట్టగానే, వెనుక చాప మీద కూర్చున్న పక్కింటి అత్తమ్మ నెత్తిన కొంగు సర్దుకుంటూ, "దసరాకు కాదన్నా, సంకురాత్రికి. దసరాకు నా తాన తీసుకున్న యాభై రూపాయలు యాడవోయినయో నాకెరుక లేదా?" అన్నది. ఎవరూ నవ్వలేదు. బాపు కాసేపు తల వంచుకుని, "ఔ చెల్లె, సంకురాత్రికే" అని మళ్లీ అందుకున్నాడు. అటు తరువాత ఆయన ఎక్కడ చెప్పినా సంక్రాంతి అనే చెప్పాడు. ఆ యాభై రూపాయలు కూడా సాక్ష్యంలో చేరిపోయాయి.

వేల్స్ దేశపు మారుమనస్సు కథలు చదివినప్పుడల్లా నాకు ఆ చాప గుర్తుకు వస్తుంది. బైబిలు కొనుక్కోవడానికి 1800లో బాలా ఊరి దాకా నడిచివెళ్లిన మేరీ జోన్స్ సంగతి సండే స్కూలులో చదువుకున్న వాళ్లందరికీ తెలిసిందే. నన్ను అంతకంటే ఎక్కువగా పట్టుకున్నది అక్కడి 'సెయాట్' అనే కూడిక. 1735లో హోవెల్ హారిస్ మారుమనస్సు పొందిన కాలం నుంచి అక్కడి మెథడిస్టు విశ్వాసులు చిన్నచిన్న గుంపులుగా కూడుకుని, ఆ వారం తమ ఆత్మీయ స్థితి ఎట్లా ఉన్నదో ఒకరి ముందు ఒకరు చెప్పుకునేవారు. చెప్పి కూర్చుంటే సరిపోయేది కాదు. నడిపించేవాడు ప్రశ్నలు వేసేవాడు, ఇరుగుపొరుగు వింటూ ఉండేవారు. ఆ కూడికలను ఎట్లా నడపాలో వివరిస్తూ కీర్తనకారుడు విలియం విలియమ్స్ 1777లో ఒక పుస్తకమే రాశాడంటే, సాక్ష్యం వినడం కూడా ఒక బాధ్యతేనని వాళ్లు ఎంతగా నమ్మారో తెలుస్తుంది.

1904లో వేల్స్‌లో వచ్చిన గొప్ప ఉజ్జీవం, అంటే జనంలో భక్తి ఒక్కసారిగా రగులుకోవడం, కూడా అటువంటి ఊళ్లలోనే రగిలింది. ఇవాన్ రాబర్ట్స్ చిన్నతనం నుంచి బొగ్గు గనిలో పనిచేసినవాడు, ఆపైన కమ్మరి పని నేర్చుకున్నవాడు. దైవసేవకు చదువుకోవడానికి వెళ్లి, ఆ చదువు ముగించకుండానే 26 ఏళ్ల వయసులో సొంత ఊరు లఖర్‌కు తిరిగివచ్చి, అక్టోబరు నెలాఖరున మోరియా మందిరంలో కొద్దిమంది యువతీయువకులతో కూడికలు మొదలుపెట్టాడు. ఎరగని ఊరికి కాక, తన బాల్యం ఎరిగిన ఊరికే వెళ్లాడన్నది నాకు ముఖ్యంగా తోస్తుంది. మారినవాళ్లు పాత అప్పులు తీర్చారట. గని కార్మికులు బూతులు మానేసరికి, ఆ బూతులకే అలవాటుపడిన గని గుర్రాలకు వాళ్ల మాట అర్థం కాలేదట. ఈ గుర్రాల కథ నేను చదివి వినిపిస్తే బాపు, "గుర్రాల సంగతేమో గని, మా సర్దారుకైతే మంచిగనే అర్థమైంది" అన్నాడు.

భాష విషయంలోనూ పోలిక కనిపిస్తుంది. 1588లోనే బైబిలు మొత్తం వెల్ష్‌లో అచ్చయింది కనుక, ఊరి మనిషి తన భాషలోనే దేవునితోనూ, పొరుగువారితోనూ మాట్లాడగలిగాడు. మా బాపు ప్రార్థన మాత్రం 'కృపచూపుము, ఆలకించుము' అంటూ బైబిలు తెలుగులో సాగేది. సాక్ష్యానికి వచ్చేసరికి బాయి భాష, బొగ్గు ఎత్తే తట్టా చెమ్మస్ భాష వచ్చేది. నిజం చెప్పవలసి వచ్చినప్పుడు మనిషి ఇంటి భాషకే వస్తాడని నా అనుమానం.

ఇంత దగ్గరితనంలో కఠినత్వం కూడా ఉన్నది. పెళ్లి కాకుండా గర్భవతి అయిన ఆడపిల్లను అందరి ముందూ సంఘం నుంచి వెలివేసే ఆచారం వేల్స్ మందిరాలలో చాలాకాలం సాగింది. మా కాలనీలోనూ ఒక్కసారి తప్పులో పడిపోయిన వాడి సంగతిని పదేళ్లు మరువలేదు. అతను వాకిట్లో మెట్ల మీదే కూర్చుని పాటలు వినేవాడు, లోపలికి రమ్మని ఎవరూ పిలువలేదు, నేనూ పిలువలేదు. అయినా, వేలమంది ముందు మైకులో చెప్పే మహాసభల సాక్ష్యాలకంటే నాకు చాప మీది సాక్ష్యం మీదే నమ్మకం ఎక్కువ. మహాసభలో దసరా అన్నా చెల్లుతుంది, సంక్రాంతి అన్నా చెల్లుతుంది.

బాపు పోయాడు. నేను హనుమకొండలో స్థిరపడ్డాను. ఇక్కడి సంఘంలో నాకూ ఒక సాక్ష్యం ఉన్నది; చెప్పగా చెప్పగా బాగా నున్నబడింది, ఎక్కడ గొంతు తగ్గించాలో కూడా అలవాటైంది. మొన్నటి క్రిస్మస్‌కు ఖనికి వెళ్తే, పాత కాలనీలో ప్రార్థన పెట్టుకుని నన్ను చెప్పమన్నారు. లేచి నిలబడ్డాను. కళ్లు సరిగా కనిపించని అత్తమ్మను ఈసారి ముందు వరుసలో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. మా ఇంటి గోడకు ఆనుకున్న గోడ ఆమెది. నా పద్దెనిమిదో ఏట, పందొమ్మిదో ఏట ఆ ఇంట్లో నేను బాపుతో ఎట్లా మాట్లాడానో ఆమె అంతా విన్నది. నేను బాపును చివరిదాకా గౌరవించానని చెప్పే రెండు వాక్యాలు ఆ రోజు నా నోట రాలేదు.