"చంపేస్తా" అన్న మాట అనువాదమై వస్తే

మంగళవారం పొద్దున తొమ్మిదింటికి అమెరికాలో, మా యూనివర్సిటీ ఆఫీసులో ఒక మీటింగ్ ఉంటుంది. తలుపు వేసేసి కూర్చుంటాం. యూనివర్సిటీ పోలీసు లెఫ్టినెంట్, కౌన్సెలింగ్ సెంటర్ నుంచి ఒక సైకాలజిస్టు, హాస్టళ్లు చూసే ఆవిడ, హెచ్‌ఆర్ నుంచి ఒకరు, లాయరు, డీన్ ఆఫీసు తరఫున కేస్ మేనేజర్‌గా నేను. దీన్ని థ్రెట్ అసెస్‌మెంట్ టీమ్ అంటారు. ఎవరివల్లయినా క్యాంపస్‌లో ప్రాణాల మీదికి వచ్చే పరిస్థితి ఉందా, ఉంటే అక్కడిదాకా రాకుండా ఏం చేయాలి అని చూడటం మా పని. ఖమ్మంలో మా అమ్మ మాత్రం ఎవరైనా అడిగితే "కాలేజీలో పిల్లల్ని చూసుకుంటుంది" అంటుంది. నిజానికి రోజులో ఎక్కువ భాగం నేను చేసేది అదే.

ఆ మధ్య మా ముందుకు ఒక స్క్రీన్‌షాట్ వచ్చింది. ఎవరో తెలియకూడదు కాబట్టి వివరాలు కొన్ని మార్చి రాస్తున్నాను. నలుగురు కుర్రాళ్లు కలిసి ఉంటున్న అపార్ట్‌మెంట్, ఇద్దరు మనవాళ్లు, ఒకతను చైనా, ఇంకొకతను వియత్నాం. కరెంటు బిల్లు, గిన్నెలు కడిగే వంతులు మాట్లాడుకునే వాట్సాప్ గ్రూప్‌లో రాత్రి ఒంటిగంటకి మన అబ్బాయి ఒకడు రెండోవాడికి ఏదో పెట్టాడు, తెలుగుని ఇంగ్లిష్ అక్షరాల్లో. చైనా అతను దాన్ని ఫోన్‌లో అనువాదం చేసుకుంటే "నిన్ను చంపుతాను" అని వచ్చింది. రాత్రంతా నిద్రపోకుండా తెల్లారగానే మాకు రిపోర్ట్ పెట్టాడు. అతను చేసింది చాలా మంచి పని, అది ముందే చెప్పాలి.

లెఫ్టినెంట్ నావైపు చూశాడు. తెలుగులో ఈ మాట రోజుకు పదిసార్లు అంటాం, అమ్మలు పిల్లల్ని అంటారు, ఫ్రెండ్స్ నవ్వుతూ అనుకుంటారు అని చెప్పాను. కానీ అంతటితో ఫైల్ మూసేయమని చెప్పలేదు. ఈ ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే నేర్పే విషయం ఒకటుంది: బెదిరించడం వేరు, ప్రమాదం ఉండటం వేరు. బెదిరించినవాళ్లలో చాలామంది ఏమీ చేయరు. నిజంగా దాడి చేసినవాళ్లలో చాలామంది ఎదుటి మనిషిని నేరుగా బెదిరించనే లేదు, ఇంకెవరితోనో అన్నారు, ఎక్కడో రాసుకున్నారు. అందుకే మేము మాటను పట్టుకుని కూర్చోం. ఈ మధ్య ఆ మనిషి జీవితంలో ఏం మారింది, ఏం పోయింది, ఎవరితో మాట్లాడటం మానేశాడు, ఆయుధాల కోసం ఏమైనా వెతికాడా, ఇవన్నీ అడుగుతాం.

గ్రూప్‌లో దాని పైన ఉన్న మెసేజ్‌లు కూడా కావాలన్నాను. వచ్చాయి. స్క్రీన్‌షాట్‌లో కట్ అయిపోయిన ముందు మెసేజ్ ఇది: "మళ్లీ తినకుండా పడుకుంటే". దాని కింద, విడిగా, "చంపేస్తా నిన్ను".

ఒక్క క్షణం నాకు నోట మాట రాలేదు. తర్వాత ఇంగ్లిష్‌లో చెప్పాను. అప్పటిదాకా పెట్టినవాడి గురించి మాట్లాడుకుంటున్న మేము ఆ తినకుండా పడుకున్నవాడి సంగతేమిటని వెతకడం మొదలుపెట్టాం. వెతికితే అన్నీ మా దగ్గరే ఉన్నాయి, కాకపోతే తలా ఒక చోట. అతని టీఏ, అంటే క్లాసుల్లో ప్రొఫెసర్‌కి సాయం చేసే ఉద్యోగం, పోయిందని డిపార్ట్‌మెంట్‌కి తెలుసు. మూడు వారాలుగా ల్యాబ్‌కి రావట్లేదని ప్రొఫెసర్ ఎవరికో ఒక మెయిల్ పెట్టి ఊరుకున్నాడు. క్రెడిట్లు, అంటే తీసుకున్న కోర్సుల లెక్క, తగ్గితే ఏమవుతుందని ఇంటర్నేషనల్ ఆఫీసుకి వచ్చి అడిగి, పేరు అడిగేసరికి వెళ్లిపోయాడు.

మేమున్నది వర్జీనియా. ఇలా తలా ఒక ముక్క తెలిసి, అవి ఒకచోటికి చేరకపోతే ఏమవుతుందో ఈ రాష్ట్రానికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదేమో. 2007 ఏప్రిల్ 16న బ్లాక్స్‌బర్గ్‌లో, వర్జీనియా టెక్‌లో, ఒక విద్యార్థి 32 మందిని కాల్చి చంపాడు. అతని గురించి ఇంగ్లిష్ డిపార్ట్‌మెంట్‌కి కొంత తెలుసు, పోలీసులకి కొంత, హాస్టల్‌వాళ్లకి కొంత. ప్రైవసీ చట్టం ఒప్పుకోదేమో అన్న భయంతో ఒకరికొకరు చెప్పుకోలేదని తర్వాత వేసిన రివ్యూ ప్యానెల్ తేల్చింది. నిజానికి ప్రాణాల మీదికి వచ్చినప్పుడు చెప్పుకోవచ్చని ఆ చట్టంలోనే ఉంది. 2008లో ఇక్కడి ప్రభుత్వ యూనివర్సిటీలన్నిటిలో ఇలాంటి టీమ్ ఉండాలని చట్టం చేశారు. నేను చేరిన ఏడాది బ్లాక్స్‌బర్గ్ వెళ్లాను. బర్రస్ హాల్ ముందు అర్ధచంద్రాకారంలో 32 రాళ్లు పేర్చి ఉంటాయి. అందులో ఒకటి సివిల్ ఇంజనీరింగ్ ప్రొఫెసర్ జి.వి. లోగనాథన్ గారిది. తమిళనాడు నుంచి వచ్చి పాతికేళ్లు అక్కడ పాఠం చెప్పి, ఆ రోజు హైడ్రాలజీ క్లాసులో ఉండగా పోయారు. ఆ రాయి దగ్గర చాలాసేపు నిలబడ్డాను.

ఇక ఆ తినకుండా పడుకున్న అబ్బాయి సంగతి. లెఫ్టినెంట్ వెళ్లి తలుపు కొట్టి బాగున్నాడో లేదో చూసొస్తానన్నాడు, ఇక్కడ అది మామూలే. వద్దని గట్టిగా చెప్పాను. యూనిఫాంలో పోలీసు గుమ్మంలో నిలబడితే మన పిల్లలకి ముందు తట్టేది డిపోర్టేషన్. నేనే ఫోన్ చేసి తెలుగులో మాట్లాడాను. మర్నాడు వచ్చాడు. జాకెట్ తీయకుండా కుర్చీ అంచున కూర్చున్నాడు.

"మేడమ్, ఇది సెవిస్‌లో ఎక్కుతుందా?"

సెవిస్ అంటే విదేశీ విద్యార్థుల గురించి ఇమ్మిగ్రేషన్‌వాళ్లు చూసే రికార్డు. వచ్చిన దగ్గర్నుంచి అరగంటపాటు అడిగింది ఇదే. నిద్ర లేదు, తిండి లేదు, ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చిన అప్పు, ఇంట్లో టీఏ ఉందనే అనుకుంటున్నారు, ఇవన్నీ తర్వాత వచ్చాయి. కౌన్సెలర్‌కి చెబితే డీన్‌కి చెబుతారు, డీన్ ఇమ్మిగ్రేషన్‌కి చెబుతాడు అని ఎవరో సీనియర్ చెప్పాడట. నాకు ఎంత బాధ వేసిందో! ఈ ఒక్క అబద్ధం ఎంతమందిని గదుల్లో కూర్చోబెట్టేసిందో.

కౌన్సెలర్‌కి చెప్పింది అక్కడే ఉంటుంది, ప్రాణాపాయం ఉంటే తప్ప. ఆ 'తప్ప' వెనక ఒక మనవాడే ఉన్నాడు. 1969లో బర్క్‌లీలో చదువుతున్న ఒక బెంగాలీ విద్యార్థి, ఒక అమ్మాయిని చంపాలని ఉందని తన సైకాలజిస్టుకి చెప్పాడు. ఆయన క్యాంపస్ పోలీసులకి రాశాడు, వాళ్లు పిలిచి మాట్లాడి వదిలేశారు, ఆ అమ్మాయికి గానీ ఇంట్లోవాళ్లకి గానీ ఎవరూ చెప్పలేదు. అక్టోబర్‌లో చంపేశాడు. టారసాఫ్ కేసు అంటారు. ఆపదలో ఉన్న మనిషిని కాపాడే బాధ్యత థెరపిస్టుకి ఉందని 1976లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు చెప్పింది.

వీసా సంగతి కూడా చెప్పాను, చదివేవాళ్లలో ఎవరికైనా పనికొస్తుందని ఇక్కడా రాస్తున్నాను. ఆరోగ్యం బాగాలేకపోతే, అందులో మానసిక ఆరోగ్యం కూడా, ఎఫ్-1 (విద్యార్థి వీసా) మీద ఉన్నవాళ్లు క్రెడిట్లు తగ్గించుకోవచ్చు, ఒక డిగ్రీ స్థాయికి మొత్తం 12 నెలల వరకు. డాక్టర్ గానీ లైసెన్స్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టు గానీ రాసిచ్చిన కాగితం కావాలి, డీఎస్‌ఓ (యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వీసా సంగతులు చూసే అధికారి) అనుమతి ఇచ్చాకే కోర్సు డ్రాప్ చేయాలి. ముందు డ్రాప్ చేసి తర్వాత పరిగెత్తితే అప్పుడు స్టేటస్ పోతుంది. వీడు సరిగ్గా అదే చేయబోతున్నాడు, ఇంకో నాలుగు రోజుల్లో.

అంతా విన్నాక జాకెట్ తీశాడు.

ఫైల్ ఇంకా తెరిచే ఉంది. చైనా అబ్బాయిని పిలిచి, ఆ మాటకి అసలు అర్థం చెప్పి, ఇలాంటిది మళ్లీ కనిపిస్తే మళ్లీ రిపోర్ట్ చేయమన్నాను. మనవాడు గురువారం గురువారం మూడింటికి వస్తాడు, లోపల మేమిద్దరం మాట్లాడుకుంటుంటే ఆ "చంపేస్తా" అన్నవాడు బయట వరండాలో బ్యాగు ఒళ్లో పెట్టుకుని కూర్చుంటాడు. లోపలికి రా బాబూ అన్నా రాడు. పోయిన వారం డబ్బాలో పులిహోర తెచ్చుకున్నాడు, ఇద్దరికీ.