కట్నం వద్దన్న ఇంట్లోనే

మా బాబాయి కట్నానికి బద్ధ వ్యతిరేకి. ఊళ్లో ఎవరింట్లో సంబంధం కుదిరినా 1961 నాటి వరకట్న నిషేధ చట్టం గుర్తుచేసి మరీ గొడవపడేవాడు. మొన్న తన కొడుక్కి సంబంధం ఖాయమైంది. అమ్మాయివాళ్లు ఎకరం మాగాణి రాసిస్తామంటే కాదనలేకపోయాడు. ఆ రాత్రి పెరుగన్నం కలుపుకుంటూ, ఎవరూ అడక్కుండానే, "మనం నోరు తెరిచి అడగలేదురా, వాళ్ల పిల్లకి వాళ్లు పెట్టుకుంటున్నారు" అన్నాడు. కాసేపాగి మళ్లీ అదే మాట.

ఆయన అబద్ధమాడట్లేదు. నిజంగానే అలా నమ్మడం మొదలుపెట్టాడు. నాకు దిగులేసింది అందుకే.

నమ్మకానికీ చేసిన పనికీ పొసగకపోతే మనసు ఆ ఇబ్బందిని భరించలేదని, ఏదో ఒకటి సర్దుకునేదాకా ఊరుకోదని అమెరికన్ మనస్తత్వవేత్త లియాన్ ఫెస్టింగర్ 1957లోనే చెప్పాడు. పనిని మార్చుకోవడం కష్టం, అందుకే చాలాసార్లు నమ్మకమే వంగుతుంది. 1959లో కార్ల్‌స్మిత్‌ అనే మరో పరిశోధకుడితో కలిసి ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులతో పరమ విసుగు పని చేయించి, బాగుందని తర్వాతివాళ్లకి చెప్పమన్నారు. అలా చెప్పినందుకు 20 డాలర్లు అందుకున్నవాళ్ల కంటే ఒక్క డాలరు అందుకున్నవాళ్లే ఆ పని నిజంగా బాగుందన్నారు. డబ్బు కోసం చెప్పానని సరిపెట్టుకోడానికి ఒక్క డాలరు చాలదు మరి.

బాబాయంటే నాకు ప్రాణం. పొలం ఇంకా రిజిస్ట్రేషన్ కాలేదు. ఆదివారం ఊరెళ్లి, "వద్దని చెప్పేద్దాం బాబాయ్, నేనూ వస్తా" అని అడుగుతాను.